మూడేసి

తార్తూలో జనవరి. నాలుగు దాటిందో లేదో
కిటికీ అద్దం నిండా చీకటి, అందులో ఎవరి మొహం వాళ్ళకే.
మూడో అంతస్తులో ఇండ్రెక్
సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కూర్చున్నాడు.
పళ్ళెంలో పురుగులు.
కామా అంత చిన్నవి, కామాలాగే వంకరవి.
ఏదీ వెలగడం లేదు.

నాలుగు నెలలుగా ఏదీ వెలగడం లేదు.

అతనడిగిన ప్రశ్న చిన్నదే:
ఈ జన్యువు తన ప్రొటీన్‌ని ఒంట్లో ఎక్కడ వండుతోంది?
పొగ కనిపిస్తే పొయ్యి దొరుకుతుంది కదా అని
ఏ సముద్రంలోనో తేలే జెల్లీచేపది
పచ్చటి వెలుగు జన్యువొకటి అరువు తెచ్చి
దీని తోకకి అతికించాడు.
ఇది పలికితే అదీ పలకాలి.
ఇది ఉన్నచోటల్లా పచ్చగా రాజుకోవాలి.

అతికించడమంటే
తెంపే ఎంజైమొకటి, కలిపే ఎంజైమొకటి,
ఆపైన వెంట్రుకకన్నా సన్నని గాజుసూదితో
పురుగు అండాశయంలోకి
చుక్క అని కూడా అనలేనంత ద్రవం.
చెయ్యి వణికితే పురుగు పోతుంది.
రెండు వందల పదకొండు పోయాయి.
నోటుపుస్తకంలో వాటికి అంకె ఉంది.

ఉర్వే ఆ ల్యాబులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఉంది.
సోవియట్ రోజుల్లో గాజుగొట్టాలు కడిగి, ఆరబెట్టి,
పగిలేదాకా వాడిన మనిషి.
ఇప్పటికీ ప్లాస్టిక్ మొనలు చెత్తబుట్టలో వేసేటప్పుడు
ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.
అగర్ కాస్తుంది, పళ్ళాల్లో పోస్తుంది,
అది గడ్డకట్టేలోగా
అమ్మమ్మ పుట్టిన దీవి నమూనాలో
ఉన్ని చేతితొడుగు అల్లుతుంది.

ఆవేళ అతని బల్లమీద కాగితం చూసింది.
నాలుగే అక్షరాలు, నాలుగు పేజీల వరస.
అల్లికసూది మొన ఆనించి
లెక్కపెట్టడం మొదలుపెట్టింది.
మూడేసి. మూడేసి. మూడేసి.

ఇక్కడ నేనొక్కమాట చెప్పాలి.
యమాతారాజభానసలగం అని వల్లించాం కదా బడిలో.
య దగ్గర ఎత్తుకుంటే యగణం,
ఒక్కడుగు జరిగి మా దగ్గర ఎత్తుకుంటే మగణం.
అక్షరాలు అవే, నడక వేరు.
కణమూ అంతే, మూడేసి చదువుతుంది,
గణానికొక పూస తెచ్చి దండకి గుచ్చుతుంది.
నడుమ ఒక్క లఘువు రాలిపోయిందా,
అక్కణ్ణించి పద్యమంతా పలవరింత.
ఏ మూలో ఆపు అనే గణం తగిలి
నోరు సగంలో మూతపడుతుంది.

"ఇదిగో, అతుకు దగ్గర. కన్ను జారింది," అంది ఉర్వే.
అల్లికలో ముడినీ వాళ్ళ భాషలో కన్నే అంటారు.

ఇండ్రెక్ చెవులు ఎర్రబడ్డాయి.
ఆ ప్రైమరు రాసిన రాత్రి అతనికి బాగానే గుర్తుంది.
ఎవరిదో పుట్టినరోజు. ప్లమ్ సారా.

కొత్త ప్రైమరు పన్నెండు రోజులకి వచ్చింది.
మార్చిలో ఒక మంగళవారం నీలికాంతి వేశాడు.
పచ్చ! పేగు పొడుగునా పచ్చ!
"పేగు ఎప్పుడూ అంతే," పక్కగదిలోంచి ఉర్వే,
లేవకుండానే. "అది దాని సొంత మెరుపు. తోక చూడు."

తోక దగ్గర రెండు కణాలు.
రెండే.
దూరపు రైల్వేస్టేషన్లో రాత్రి దీపాల్లా.
గ్రాంటు దరఖాస్తులో ప్రొఫెసరమ్మ రాసింది
తల అని.

విలాసం దొరికింది. వృత్తి తెలీదు.
ఇక ఆ జన్యువుని తెంపి చూడాలి:
పురుగు కుంటుతుందో, గుడ్లు మరుస్తుందో,
లేక ఏమీ పోనట్టే
అచ్చులో మరో కామాలా పాకుతూ పోతుందో.

ఇండ్రెక్ ఫోటో తీసి, తేదీ వేసి, మళ్ళీ తీశాడు.
ఉర్వే కోటు తొడుక్కుంది, ఆరుంపావు బస్సుకి.
చేతితొడుగుకి బొటనవేలు ఇంకా మిగిలే ఉంది.
జేబులో చెయ్యిపెట్టుకుని నడిచింది.